ఏమే అని పిలిచేవాళ్ళు

మా అమ్మ పేరు ఇక్కడ రాయను. రాస్తే ఊరుకోదు. పైగా ఈ సోదంతా ఆవిడను పేరుపెట్టి, చనువుగా, "ఏమే" అని పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే లేకుండా పోవడం గురించి గనక, కన్నకొడుకును నేను ఆ పేరు పత్రికకెక్కించడం బొత్తిగా బాగుండదు.

అమ్మను పెద్దవాళ్ళుండే ఒక వసతిగృహంలో చేర్పించి మూడేళ్ళయింది. ఈ మాట ఎవరితో అన్నా ఎదుటివారి మొహం ఒక్కక్షణం మారుతుంది. తర్వాత సర్దుకొని, "అక్కడ భోజనం బాగుంటుందా?" అని అడుగుతారు. వాళ్ళు అడగదలచుకొన్నది అది కాదని నాకు తెలుసు. "ఇద్దరు కొడుకులుండి ఇదేం పనయ్యా?" అన్నది అసలు ప్రశ్న. మొదట్లో ఆ ప్రశ్నకు నా దగ్గరా జవాబు లేదు.

మాది కోనసీమలో ఓ పల్లెటూరు. నాన్నగారు ఎలిమెంటరీ స్కూలు మాష్టరు. ఆయన అమ్మను పేరుపెట్టి పిలవగా నేనెన్నడూ వినలేదు. "ఏమే" అనేవారు. ఆ ఒక్క ముక్కలోనే కాఫీ కావాలన్నా, కోపం వచ్చిందన్నా, ఒంట్లో బాగాలేదన్నా అమ్మకు తెలిసిపోయేది. మా అమ్మమ్మా "ఏమే" అనేది. పక్కింటి పెద్దావిడ గోడ మీంచి "ఏమే, కూరేమిటి ఇవాళ?" అని కేకేసేది. అమ్మ అక్కగారు, అంటే మా దొడ్డమ్మ, ఉత్తరం రాసినా "ఏమే" అనే మొదలుపెట్టేది. ఆ రోజుల్లో ఆ పిలుపుకు కరువేమిటి! రోజుకు నూరుసార్లు వినపడేది. అంత విరివిగా దొరికే వస్తువుకు విలువ కట్టాలని ఎవరికి తోస్తుంది?

2016లో నాన్నగారు పోయారు. నేను హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగం, తమ్ముడు అమెరికాలో. "ఈ గుమ్మం దాటి రాను" అని అమ్మ భీష్మించుకొని కూర్చుంది. మూడేళ్ళు అలాగే గడిపింది. 2019లో నూతిగట్టు మీద కాలుజారి పడి మణికట్టు విరిగింది. ఇక తప్పక ఇల్లు అద్దెకిచ్చి, ఆవకాయ జాడీలతో సహా అమ్మను మా నాలుగో అంతస్తు ఫ్లాటుకు తీసుకొచ్చాం.

మా ఇంట్లో ఆవిడకు లోటేమీ లేదు. తూర్పుకిటికీ ఉన్న గది ఇచ్చాం. టీవీ పెట్టించాం. వేళకు మందులు, వేళకు భోజనం. మా ఆవిడ మంచిదనే రాయాలి. అదృష్టవశాత్తూ నిజం కూడా అదే. తను కాలేజీలో లెక్చరరు. పొద్దున్నే అత్తగారికి అన్నీ అమర్చి మరీ వెళ్ళేది. పిల్లలు "నానమ్మా" అంటూ ఒకసారి గదిలోకి తొంగిచూసి, చెవుల్లో ఏవో తగిలించుకొని తమ గదుల్లోకి పోయేవారు. పక్క ఫ్లాటువాళ్ళు లిఫ్టులో కనిపిస్తే "నమస్తే ఆంటీ" అనేవారు. వాచ్‌మన్ "పెద్దమ్మగారూ" అనేవాడు. అందరూ గౌరవించేవాళ్ళే. ఎవరూ "ఏమే" అనేవాళ్ళు కారు.

2020లో కరోనా వచ్చి అందరం ఇంట్లోనే బందీలమయ్యాం. పోనీలే, అమ్మకు కాలక్షేపం అవుతుందనుకొన్నాను. కాని ఏం జరిగింది? ఎవరి గదిలో వాళ్ళం, ఎవరి కంప్యూటరు ముందు వాళ్ళం. అమ్మ హాల్లో కూర్చుని మూసి ఉన్న తలుపుల్ని చూస్తూ ఉండేది. ఓసారి నేను మంచినీళ్ళకోసం బయటికి వస్తే, "మీటింగు అయిందా నాన్నా?" అని చాలా మర్యాదగా, పరాయివాళ్ళను అడిగినట్టు అడిగింది.

రోజూ సాయంత్రం నాలుగింటికి దొడ్డమ్మకు ఫోను చేసుకొనేది. ఆ అరగంటా అమ్మ గొంతు మారిపోయేది. నవ్వేది, దెబ్బలాడేది. ఏనాడో తన పెళ్ళిలో జరిగిన గొడవకు అప్పుడు జవాబు చెప్పేది. 2021లో దొడ్డమ్మ పోయింది. ఆ తర్వాత కూడా చాలా రోజులు నాలుగయ్యేసరికి ఫోను చేతిలోకి తీసుకొని, కాస్సేపు అలా పట్టుకొని, మళ్ళీ బల్లమీద పెట్టేసేది. నేను చూశాను. ఏమీ అనలేకపోయాను. భూమ్మీద ఆవిడను "ఏమే" అనే ఆఖరి మనిషి వెళ్ళిపోయిందని అప్పటికి నాకు తట్టనే లేదు.

2022లో రిటైరయ్యాను. ఇక అమ్మకు తోడు నేనే అనుకొని నడుం బిగించాను. రోజూ పక్కన కూర్చునేవాణ్ణి. పేపరు చదివి వినిపించేవాణ్ణి. "ఏదైనా మాట్లాడమ్మా" అనేవాణ్ణి. నెల తిరగకుండానే ఇద్దరికీ విసుగొచ్చింది. ఒకరోజు అమ్మే అంది: "నువ్వు కొడుకువిరా. నీతో ఏం మాట్లాడను? మీ నాన్న మీద చాడీలు నీకు చెప్పుకోనా? మీ ఆవిడ మీద చెబితే నువ్వు బాధపడతావు. మోకాలు నొప్పంటే డాక్టరు దగ్గరికి లాక్కుపోతావు. నొప్పి అని ఊరికే చెప్పుకోవడానికి కూడా ఒక మనిషుండాలి."

ఆ మాట నాకు గుచ్చుకొంది. కాని అర్థమైందని చెప్పను.

ఆ సంవత్సరం కార్తీకమాసంలో ఓ పెళ్ళికి రాజమండ్రి వెళ్ళాం. నాకు హైస్కూల్లో తెలుగు చెప్పిన మాష్టారు ఆ దగ్గర్లోనే పెద్దవాళ్ళ వసతిగృహంలో ఉన్నారని తెలిసి, దారిలో చూసిపోదామని ఆగాం. మాష్టారూ నేనూ మాట్లాడుకొంటున్నంతసేపూ అమ్మ వరండా చివర నిలబడింది. అక్కడ నలుగురు ముసలమ్మలు పీటమీద సుద్దముక్కతో గళ్ళు గీసుకొని గవ్వలతో అష్టాచెమ్మా ఆడుతున్నారు. ఒకావిడ గవ్వలు మళ్ళీ వేసిందని ఇంకొకావిడ పెద్ద రగడ పెట్టింది. అమ్మ కళ్ళార్పకుండా చూస్తోంది.

హైదరాబాదు తిరిగొచ్చిన మూడోనాడు, పప్పులో నెయ్యి వేసికొంటూ, "అక్కడ నెలకు ఎంత తీసుకొంటార్రా?" అంది.

తర్వాతి నాలుగు నెలలూ మా ఇంట్లో నడిచింది చర్చ కాదు, కురుక్షేత్రం. "నలుగురిలో నా తల కొట్టేయించకండిరా" అన్నాడు మేనమామ. తమ్ముడు అమెరికానుంచి, ఇంట్లోనే ఇద్దరు నర్సుల్ని పెడదాం, ఎంత ఖర్చయినా సరే అన్నాడు. "నర్సులు అష్టాచెమ్మా ఆడతారా?" అని అడిగింది అమ్మ. నేను మాత్రం రోజుకో కారణం చెప్పి వాయిదా వేస్తూ వచ్చాను. నిజం ఒప్పుకోవాలంటే, అమ్మ వెళ్ళిపోతుందన్న బెంగకంటె, లోకం ఏమనుకొంటుందో అన్న బెంగే నాకు ఎక్కువగా ఉండేది. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు మూడేళ్ళు పట్టింది.

చివరికి 2023 ఉగాది వెళ్ళాక చేర్పించాం. అది ఆసుపత్రీ కాదు, సత్రమూ కాదు. ఎవరి గది వారిది, ఎవరి తాళంచెవి వారి దగ్గర. స్నానాలగదిలో పట్టుకోవడానికి గోడకు కడ్డీలు, మంచం పక్కన బెల్లు. రాత్రీ పగలూ ఓ నర్సమ్మ ఉంటుంది. మందులు ఏ పూటకాపూట డబ్బాలో సర్ది ఇస్తారు. స్నానం చేయించవలసినవాళ్ళకు చేయిస్తారు. చేసుకోగలిగినవాళ్ళ జోలికి పోరు. కాఫీ, టిఫిను, భోజనం మాత్రం అందరూ హాల్లోకి వచ్చి కూర్చోవలసిందే. ఒంట్లో బాగాలేకపోతే తప్ప గదికి పంపరు. ఈ నిబంధన కఠినంగా ఉందే అనుకొన్నాను. అసలు కిటుకంతా అందులోనే ఉందని తర్వాత తెలిసింది.

మొదటి పదిరోజులూ అమ్మ ఫోనులో ఏడ్చింది. కూరలో ఉప్పు లేదంది. పక్కగదావిడ గురకంది. తన మంచం కిటికీకి అటువైపుండాలంది. పదోరోజున నేను కారు తాళాలు తీశాను. మా ఆవిడ వాకిట్లో అడ్డంగా నిలబడి, "అత్తవారింటికి వచ్చిన కొత్తలో కూడా ఆవిడ ఏడ్చే ఉంటారు. కనీసం పదహారురోజుల పండగ దాకా ఆగండి" అంది. ఆగాను.

పధ్నాలుగో రోజున అమ్మ ఫోను చేసింది. గొంతు వేరేగా ఉంది. ఎక్కడో విన్న గొంతు. ఒక్క క్షణానికి గుర్తొచ్చింది, అది సాయంత్రం నాలుగింటి గొంతు.

"ఇక్కడ తుని ఆవిడ ఒకావిడ ఉందిరా. నాకంటె ఐదేళ్ళు పెద్ద. ఇవాళ కాఫీకి నేను ఆలస్యంగా వెళ్ళాను. హాలంతా వినపడేలా ఏమందో తెలుసా? 'ఏమే, ఇంతసేపూ ఏం చేస్తున్నావే? నీకోసం కాఫీ పట్టుకొని కూర్చోడానికి నేనేమన్నా నీ కోడల్నా?' అంది."

"అయ్యో, అంతమాట అందా?" అన్నాను నేను.

"అందిరా!" అంది అమ్మ. ఆ సంతోషం ఎలా రాయాలో నాకు చేతకాదు. ఎనభై ఒక్క ఏళ్ళ మనిషి, ఇంట్లో అందరికంటె పెద్దదై, ఎవరిచేతా ఒక మాట అనిపించుకొనే భాగ్యానికి నోచుకోక బతుకుతున్న మనిషి, ఆ పూట మళ్ళీ చిన్నదైపోయింది.

ఆ నెలాఖరున చూడ్డానికి వెళ్ళాను. నేను వచ్చానని అమ్మ పెద్దగా హడావుడి పడలేదు. "కూర్చోరా, సీరియల్ అయ్యాక వస్తాను" అంది. సంగతేమిటంటే, అక్కడికి వారపత్రిక వస్తుంది. చాలామందికి చూపు ఆనదు. అమ్మకు రెండు కళ్ళకూ శుక్లాలు తీయించి ఉన్నాం గనక అక్షరం బాగా కనిపిస్తుంది. దాంతో సీరియల్ చదివే ఉద్యోగం ఆవిడకు దక్కింది. పదిమంది చుట్టూ చేరారు. తుని ఆవిడ కుర్చీ అందరికంటె ముందు. మధ్యమధ్య "ఆ కుర్రాడు మంచివాడు కాడే, నే చెబుతున్నా చూడు" అని వ్యాఖ్యానం. చివర "తరువాయి వచ్చేవారం" అని అమ్మ చదవగానే అందరూ ఉసూరుమన్నారు. తుని ఆవిడ, "ఆ పిల్ల పెళ్ళయ్యేదాకా నేను పోనే" అని ప్రకటించి చేతికర్ర అందుకొంది.

మా ఇంట్లో అమ్మకు మేం అన్నీ చేసిపెట్టాం. ఆవిడచేత చేయించుకొన్నది మాత్రం ఏదీ లేదు. ఆవిడ రాకపోతే ఆగిపోయే పని మా ఇంట ఒక్కటీ లేదు. ఇక్కడ వారానికి ఒక సాయంత్రం, పదిమంది ఆవిడకోసం కాచుకొని ఉంటారు.

రిటైరైనవాడికి చదవడానికి కావలసినంత తీరిక. ఈ విషయం మీద దొరికినవన్నీ చదివాను. ఇలాంటి వసతిని అమెరికాలో అసిస్టెడ్ లివింగ్ అంటారు. ఆరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లండ్‌లో 1983లో కెరెన్ బ్రౌన్ విల్సన్ అనే ఆవిడ దీన్ని మొదలుపెట్టిన తొలివారిలో ఒకరు. ఆవిడ తల్లి నడివయసులోనే పక్షవాతం వచ్చి నర్సింగుహోముల పాలైంది. తల్లి కోరినవేమీ గొంతెమ్మ కోరికలు కావు: తనకంటూ ఒక గది, దానికి తన చేతిలో ఉండే తాళం, చిన్న వంటిల్లు. కూతురు కట్టించిన వసతిలో ఆ మూడూ పెట్టింది. ఎల్లెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1976లో ప్రచురించిన పరిశోధన ఇంకొకటి చదివాను. కనెక్టికట్‌లో ఒక వృద్ధుల నర్సింగుహోములో ఒక అంతస్తువాళ్ళకు తలా ఒక మొక్క ఇచ్చి, నీళ్ళు పోసే బాధ్యత మీదే అన్నారు. ఇంకో అంతస్తువాళ్ళకూ మొక్కలిచ్చారు గాని, మీరు కష్టపడకండి, నర్సులు పోస్తారన్నారు. కొద్ది వారాల్లో చూస్తే మొదటివాళ్ళు ఎక్కువ హుషారుగా, ఎక్కువ సంతోషంగా కనిపించారు. అది చదివి పుస్తకం మూసేశాను. మేం అమ్మకు నాలుగేళ్ళపాటు చేసిన సేవ రెండో అంతస్తు సేవ అన్నమాట.

ఇది మా ఒక్క ఇంటి గొడవా కాదు. బ్రిటన్‌లో 2018లో ఒంటరితనం సంగతి చూడమని ఒక మంత్రికి బాధ్యత అప్పగించారు. అమెరికా సర్జన్ జనరల్‌గా ఉన్న వివేక్ మూర్తి 2023లో ఒక హెచ్చరిక విడుదల చేస్తూ, మనుషులతో సంబంధాలు తెగిపోవడం రోజుకు పదిహేను సిగరెట్లు కాల్చినంతగా ఆయుష్షుకు చేటన్నారు. 2025 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, లోకంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని ప్రకటించింది. వాళ్ళలో ముసలివాళ్ళే కాదు, కుర్రవాళ్ళూ చాలామంది ఉన్నారట. మూసుకొన్న తలుపులకు అవతల మా పిల్లలు ఎలా ఉన్నారో మరి! అదీ అడగవలసిన ప్రశ్నే.

మన దేశంలో 2007లో తల్లిదండ్రుల పోషణకోసం చట్టం చేశారు. చూడని కొడుకులమీద తల్లిదండ్రులు ట్రిబ్యునల్‌కు వెళ్ళి నెలనెలా భరణం రాబట్టుకోవచ్చు. ఆపదలో ఉన్న పెద్దవాళ్ళకు 14567 అనే ఫోను నంబరు కూడా ఉంది. ఇవి ఉండవలసినవే. కాని ఏ ట్రిబ్యునలూ ఒక మనిషిని పట్టుకొచ్చి, ఈవిడను "ఏమే" అని పిలవవలసిందని ఉత్తరువివ్వలేదు కదా!

ఐతే అందరూ ఇలా చేయండని నేను చెప్పడం లేదు. అమ్మకు ఫ్యామిలీ పెన్షను వస్తుంది. దానికి మేమిద్దరం కొంత కలుపుతాం. ఆ వెసులుబాటు లేని ఇళ్ళెన్నో. ఆ వసతిగృహం గేటు దగ్గర సిమెంటు బెంచీమీద రోజూ సాయంత్రం ఒక పెద్దాయన కూర్చుంటాడు. కారు చప్పుడైతే తలెత్తుతాడు. ఆయన తనంతట తాను రాలేదు. తీసుకొచ్చి దింపి వెళ్ళారు. ఎవరెంత పిలిచినా ఆటకు రాడు, సీరియల్‌కు రాడు. పదిమంది మధ్య కూర్చోబెట్టినంతమాత్రాన ఆయన ఒంటరితనం పోలేదు. వెళ్ళాలనుకొని వెళ్ళడం వేరు, వెళ్ళగొట్టబడి వెళ్ళడం వేరు. అదే గది, అదే మంచం, అదే కాఫీ. అయినా రెండూ ఒకటి కావు. అంచేతనే నెలకోసారి నేను, సెలవుల్లో మా ఆవిడ, పిల్లలు క్రమం తప్పకుండా వెళుతుంటాం. తమ్ముడు ఆదివారం ఫోను మానడు. వసతిగృహం అమ్మకు ఈడువాళ్ళను ఇచ్చింది. కొడుకుల పని కొడుకులకు మిగిలే ఉంది.

2025 సంక్రాంతి వెళ్ళిన కొద్దిరోజులకు తుని ఆవిడ నిద్రలోనే పోయింది. ఆ పొద్దున కాఫీకి రాకపోతే, గది తలుపు కొట్టింది అమ్మేనట. కబురు వినగానే నేను కారు వేసికొని బయల్దేరాను. దారిపొడుగునా ఒకటే అనుకొంటున్నాను. ఇక అమ్మ అక్కడ ఉండలేదు, తీసుకొచ్చేయాలి.

అమ్మ గదిలో మంచమ్మీద కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచాయి. "పోదాం రామ్మా" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు.

"మీ ఇంటికొస్తే దాని గురించి ఎవరితో చెప్పుకోనురా? మీకెవరికీ అదెవరో తెలీదు. ఇక్కడైతే అందరికీ తెలుసు" అంది.

నేను ఒక్కణ్ణే తిరిగొచ్చాను.

మరో మూడు నెలలకు సీరియల్‌లో ఆ పిల్ల పెళ్ళి జరిగింది. ఆ వారం చదవనంది అమ్మ. పత్రిక నర్సమ్మకిచ్చి చదివించి, తను వెనకవరసలో కూర్చుందట. పై వారంనుంచి కొత్త సీరియల్. మళ్ళీ అమ్మే చదువుతోంది.

పోయిన నెల వెళ్ళినప్పుడు తుని ఆవిడ గదిలో కొత్తగా ఒకావిడ దిగింది. విజయవాడనుంచి. డెబ్భై ఎనిమిదేళ్ళుంటాయి. రెండు పెట్టెల మధ్య కూర్చుని, భోజనం గదికే పంపిస్తారా అని ఆయాను అడుగుతోంది. నేను వరండాలో చెప్పులు వేసుకొంటున్నాను. అమ్మ కర్ర పొడుచుకొంటూ ఆ గుమ్మం దగ్గరికి వెళ్ళింది.

"ఏమే, ఎంతసేపు కూర్చుంటావలాగ? రా, విస్తళ్ళు వేశారు."

ఆవిడ ఉలిక్కిపడి తలెత్తింది. తర్వాత ఏమందో నేను వినలేదు. బస్సుకు వేళయింది.

తిరుగు ప్రయాణంలో ఊరికే ఒక లెక్క వేశాను. నాకు అరవై దాటి నాలుగేళ్ళు. ఫ్లాట్లలో అందరూ "సార్" అంటారు. బ్యాంకువాళ్ళు కనిపిస్తే "గారూ" అంటారు. నన్ను "ఒరేయ్" అనేవాళ్ళెవరా అని వేళ్ళు మడిస్తే, అమ్మ కాక నలుగురు తేలారు. అందులో ఒకడు రెండేళ్ళ కిందట పోయాడు. మిగిలిన ముగ్గురిలో ఒకడితో మాట్లాడి ఏడేళ్ళయింది. దేని గురించి మాటలు మానుకొన్నామో సరిగ్గా గుర్తు కూడా లేదు. పదివేల రూపాయల చేబదులు వ్యవహారం కాబోలు. వాడు కాకినాడలో ఉంటాడు.

బస్సు ఏలూరు దాటాక వాడికి ఫోను చేశాను. ఎత్తాడు. "ఎవరండీ?" అన్నాడు. పేరు చెప్పాను. అవతల కాస్సేపు ఏమీ వినిపించలేదు.

"ఒరేయ్, బతికే ఉన్నావురా?" అన్నాడు.